మీ ప్రశ్నలు, మా జవాబులు: మురికి ఎటు పోతుంది?

గాలి, నీళ్ల కాలుష్యం గురించి మీ సందేహాలు రాయమని కిందటి నెల అడిగాం. వచ్చినవన్నీ చదివాక నాకు ఒకటి అనిపించింది. మురికి గురించి మాట్లాడేటప్పుడు అందరం "పోయింది" అనే మాటే వాడుతున్నాం. పొగ పైకి పోయింది, మురుగు కాలువలో పోయింది, చెత్త కాలిపోయింది అని. అది పోవడం లేదండీ, చోటు మారుతోంది అంతే. ఈసారి జవాబులన్నీ ఆ సంగతి చుట్టూనే తిరిగాయి. కొన్ని పొడుగ్గా వచ్చాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను సర్. కాలుష్యానికి కారణాలు అంటే వాహనాలు, ఫ్యాక్టరీలు, జనాభా అని రాస్తాం. మార్కులు వేస్తారు. కానీ అసలు కారణాలు అవేనా?

జవాబు: మార్కులకి అవి చాలు బాబూ, కానీ నీకు వచ్చిన అనుమానం సరైనదే. వాహనం, ఫ్యాక్టరీ అనేవి మురికి పుట్టే చోట్లు. ఎందుకు పుడుతోంది అన్నది వేరే సంగతి. గాలి విషయంలో ఆ కారణం చాలావరకు ఒక్కటే, మంట. ఏదైనా పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి మాత్రమే రావాలి. పొయ్యిలో అయినా ఇంజన్‌లో అయినా గాలి సరిగ్గా అందక అరకొరగా కాలుతుంది కాబట్టి మసి, కార్బన్ మోనాక్సైడు, ముక్కుకి ఘాటుగా తగిలే ఆవిర్లు కూడా బయటికొస్తాయి. ఇక ఇంధనంలోనే ఉన్న మలినాలు ఉంటాయి. బొగ్గులో గంధకం ఉంటే సల్ఫర్ డయాక్సైడు వస్తుంది, పాదరసం ఉంటే అది ఆవిరై పొగతో పాటు లేస్తుంది. మూడోది చాలామంది పట్టించుకోరు. ఇంధనం ఎంత శుభ్రమైనదైనా సరే, మంట బాగా వేడిగా ఉంటే గాలిలో ఊరికే ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. అందుకే గ్యాస్‌తో నడిచే ఇంజన్‌ని కూడా పూర్తిగా శుభ్రమైనది అనలేం.

ఇవి బయటికొచ్చాక కూడా ఊరుకోవు. పొలంలో చల్లిన యూరియా నుంచి, పశువుల పేడ నుంచి లేచే అమోనియా ఈ వాయువులతో కలిసి కంటికి కనిపించని సన్నటి రేణువులు తయారవుతాయి. ఎండ బాగా ఉంటే నైట్రోజన్ ఆక్సైడ్లూ పెట్రోలు, పెయింటు లాంటి వాటి ఆవిర్లూ కలిసి ఓజోన్ అవుతుంది. ఎంతో ఎత్తున ఉండి ఎండలోని హానికరమైన కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోనే ముక్కు దగ్గరికొస్తే ఊపిరితిత్తుల లోపలి పొరని మండిస్తుంది.

నీళ్ల సంగతికొస్తే, నీరు దేన్నయినా కరిగించుకుంటుంది, కరగనిదాన్ని మోసుకుపోతుంది. శుద్ధి చేయని మురుగు, పొలాల ఎరువులు, పురుగుమందులు, పరిశ్రమల రసాయనాలు, గనుల వ్యర్థాలు అన్నీ అలాగే చేరతాయి. వీటిలో ఇప్పటికీ ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది పాతకాలపు శత్రువే, మలం కలిసిన నీళ్లు. తాగే నీళ్లు, పారిశుధ్యం, చేతుల శుభ్రత సరిగ్గా లేక వచ్చే విరేచనాలతో ఏటా సుమారు 10 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి "జనాభా" అని రాసే ముందు ఒక్కసారి ఆగు. ఎంతమంది ఉన్నారు అన్నదాని కంటే వాళ్ల మురుగు శుద్ధి అవుతోందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. పరీక్షలో ఆ ఒక్క వాక్యం అదనంగా రాసినా ఎవరూ మార్కులు తగ్గించరు.

ప్రశ్న: ఏడాది పొడుగునా తిరిగే బండ్లు అవే, ఫ్యాక్టరీలు అవే. మరి చలికాలంలోనే పొగ ఎందుకు కమ్ముకుంటుంది? రోజూ తెల్లవారుజామున నడకకి వెళ్తాను, మంచిదేనా?

జవాబు: మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది. కింద వేడెక్కిన గాలి పైకి లేస్తూ పొగని కూడా వెంట తీసుకుపోతుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది, నేలని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందే కూర్చుంటుంది, దాని మీద వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా పడుతుంది. పొగ అంతే పుట్టినా పరుచుకోవడానికి చోటు తగ్గిపోయింది కాబట్టి చిక్కబడుతుంది. గాలి కదలకపోతే ఆ మూత రోజుల తరబడి అలాగే ఉండొచ్చు.

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌లో జరిగింది ఇదే. చలికి ఇంటింటా బొగ్గు పొయ్యిలు, దానికి తోడు విద్యుత్ కేంద్రాల పొగ, పైన మూత. ఆ నగరానికి పొగమంచు కొత్త కాదు కాబట్టి మొదట్లో ఎవరూ భయపడలేదు. చనిపోయినవాళ్ల లెక్క మొదట 4,000 అన్నారు, తర్వాత జరిగిన పరిశోధనల్లో అది 12,000 దాకా ఉండొచ్చని తేలింది. అన్ని ప్రాణాలు పోయాక 1956లో అక్కడ గాలి శుభ్రత చట్టం వచ్చింది.

మీ నడక మానొద్దు, వేళ మార్చుకోండి చాలు. చలికాలంలో ఎండ వచ్చి నేల కాస్త వేడెక్కాక ఆ మూత విడిపోతుంది, అప్పుడు బయల్దేరండి. ఎండాకాలంలో దీనికి తలకిందులు, ఓజోన్ మధ్యాహ్నం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే మేలు. ఏ కాలమైనా పెద్ద రోడ్డు పక్కన కంటే లోపలి వీధుల్లో నడిస్తే చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. చలి మొదలైతే చాలు పిల్లికూతలు, ఆయాసం, రాత్రంతా వాడికీ నాకూ నిద్ర ఉండదు. గాలిని శుభ్రం చేస్తాయంటే ఇంటి నిండా మొక్కలు పెట్టాను. బట్ట మాస్కు కడుతున్నాను. గాలి శుద్ధి చేసే మెషీన్ కొనమని కొందరు అంటున్నారు. ఏది నిజంగా పనిచేస్తుందో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది సర్.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. డాక్టర్ ఇన్‌హేలర్ రాసి ఉంటే, గాలి బాగుందని మీకు మీరే మానేయకండి. అలవాటైపోతుందేమోనని చాలామంది తల్లులు భయపడతారు, ఆ భయం వల్ల పిల్లలే ఇబ్బంది పడతారు. బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అందుకే అదే గది, అదే గాలి అయినా మీకు ఏమీ అనిపించకుండా వాడికి ఆయాసం రావచ్చు.

మొక్కల మాట 1989లో నాసా చేసిన ప్రయోగంతో మొదలైంది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది, అందులో చూసింది కొన్ని రసాయన ఆవిర్లని, పొగ రేణువుల్ని కాదు. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ తీసుకుని మామూలు గదికి లెక్కగడితే, కిటికీల నుంచి గాలి మారడం వల్ల సహజంగా జరిగే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి తక్కువలో తక్కువ 10, కొన్ని లెక్కల్లో 1,000 మొక్కలు కూడా కావాలని వచ్చింది. మొక్కల్ని ఉంచుకోండి, కంటికి హాయి. గాలి భారం మాత్రం వాటి మీద పెట్టకండి.

బట్ట మాస్కు సంగతి. ఊపిరితిత్తుల లోతుకి పోయే రేణువుల్ని పీఎం 2.5 అంటారు. అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే సన్నవి. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు అనుకోండి, ఇంకా తక్కువే ఉండొచ్చు. బట్ట నేతలో అవి చాలావరకు దూరిపోతాయి. ఎన్95 మాస్కు ఆపుతుంది, కానీ ముఖానికి అంచులు అతుక్కుని ఉంటేనే. పెద్దవాళ్ల మాస్కు పిల్లల ముఖానికి సరిపోదు, పక్కల నుంచి గాలి దూరితే కట్టినా ఒకటే కట్టకపోయినా ఒకటే. మెషీన్ కొనగలిగితే హెపా ఫిల్టర్ (సన్న రేణువుల్ని పట్టే చిక్కటి జల్లెడ లాంటిది) ఉన్నది, వాడు పడుకునే గది సైజుకి సరిపడేది చూసుకుని తలుపులు మూసి వాడితే మేలు జరుగుతుంది. ఓజోన్ వదిలే రకాలు మాత్రం వద్దు, పిల్లికూతలు ఉన్నవాళ్లకి అవి ఇంకా చెరుపు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంటి లోపల పుట్టే పొగ. రాత్రి దోమల చక్రం వెలిగిస్తున్నారా? 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానంగా తేలాయి. చక్రం మాని దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే "బాల్కనీలోకి వెళ్లి తాగుతున్నా కదా" అన్న మాట ఒప్పుకోకండి, ఆ పొగ బట్టల్లో, జుట్టులో లోపలికొస్తుంది. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి, బాబుని వేరే గదిలో ఉంచండి. ఈ మూడూ చేశాక మెషీన్ గురించి ఆలోచించవచ్చు.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా ట్రాఫిక్‌లోనే పని. నాకు దగ్గు లేదు, ఆయాసం లేదు. అలవాటుపడిపోయాం అనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దండీ. ముక్కు వాసనకి అలవాటుపడుతుంది, గుండె పడదు. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో జరిగిన అకాల మరణాల్లో దాదాపు 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా అందులో 4 శాతమే. సన్న రేణువులు ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి, మరీ సన్నవి రక్తంలోకి కూడా చేరతాయి, రక్తనాళాలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. ఇదంతా దగ్గు లేకుండానే జరగొచ్చు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఏడాదికోసారి చూపించుకోండి, డాక్టర్‌కి మీ పని ఎక్కడో తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: రాలిన ఆకులు, కాస్త ప్లాస్టిక్ కవర్లు పెరట్లో కాలుస్తాను. పక్కింటివాళ్లు గొడవ పడుతున్నారు. బూడిదైపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?

జవాబు: పక్కింటివాళ్లదే న్యాయం. పెరట్లో మంట వేడి చాలక చెత్త సరిగ్గా కాలదు, అందుకే అంత నల్లటి పొగ. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ అలా కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, గడ్డి మీద పడి పశువు కొవ్వులో చేరి పాలల్లోకి వస్తాయి. మిగిలిన బూడిద వానకి కొట్టుకుపోయి నీళ్లలో కలుస్తుంది. ఆకుల్ని గుంటలో వేసి కుళ్లనివ్వండి, ఎరువవుతుంది. ప్లాస్టిక్‌ని మాత్రం ఏ పరిస్థితిలోనూ కాల్చకండి, దయచేసి.

ప్రశ్న: మా దగ్గర చెరువు పచ్చటి రంగులో ఉంటుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టిన తర్వాత ఒక తెల్లవారుజామున చేపలన్నీ చచ్చి తేలాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఏదీ లేదు. ఎవరో విషం కలిపారని అందరూ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీరు చెప్పిన మూడు గుర్తులు, పచ్చ రంగు, మబ్బు, తెల్లవారుజాము కలిపి చూస్తే నాకు విషం కంటే ఊపిరాడక చనిపోయాయనే అనుమానమే ఎక్కువ. ఎవరినీ దొంగని చేయకముందు ఇది చదవండి.

ఎరువుల్లోని నైట్రోజన్, ఫాస్ఫరస్ పొలాల నుంచి కొట్టుకొచ్చినా, ఇళ్ల మురుగు కలిసినా చెరువులో నాచుకి విందే. అది పెరిగి నీళ్లు పచ్చగా అవుతాయి. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, చేపలూ పీల్చుకుంటాయి, అడుగున కుళ్లుతున్నవాటిని తినే బాక్టీరియా కూడా లాగేస్తుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారే ముందు అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. మబ్బు రోజుల్లో పగలు రావాల్సింది రాదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. దీనికి తోడు నీళ్లు వెచ్చగా ఉంటే పట్టుకోగల ఆక్సిజనే తక్కువ. 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల పైన కరుగుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి తగ్గిపోతుంది. చేపలు హాయిగా బతకడానికి 5 దాకా కావాలి, 2 కంటే తగ్గితే చాలా రకాలు చనిపోతాయి.

ఇది చెరువులకే పరిమితం కాదు. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ప్రతి ఎండాకాలం వేల చదరపు కిలోమీటర్ల మేర సముద్రం అడుగున ఇలాగే ఆక్సిజన్ కరువవుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, తెల్లవారే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిపించండి. రెండింటికీ భారీ తేడా వస్తే సంగతి అర్థమైనట్టే. ఆ తర్వాత చెరువు చుట్టూ నడిచి మురుగు ఎక్కడెక్కడ కలుస్తోందో చూడండి, ఆపాల్సింది అక్కడే. నాచు చంపే రసాయనం మాత్రం ఒక్కసారిగా కొట్టకండి, చచ్చిన నాచంతా ఒకేసారి కుళ్లితే మిగిలిన నాలుగు చేపలూ పోతాయి.

ప్రశ్న: మా బోరు నీళ్లు అద్దంలా ఉంటాయి. టీడీఎస్ మీటర్ పెడితే తక్కువే చూపించింది. పైగా కాచి తాగుతాం. ఇంక భయం లేదు కదా?

జవాబు: కాచడం మంచి అలవాటు, క్రిములు చస్తాయి. కానీ ఆర్సెనిక్, సీసం, నైట్రేట్ లాంటివి కాచినా పోవు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి. టీడీఎస్ మీటర్ కొలిచేది కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని మాత్రమే. తాగే నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అంటే మిల్లీగ్రాములో వందో వంతు. వందల మిల్లీగ్రాముల్లో అంకెలు చూపించే మీటర్‌కి అది ఎలా తెలుస్తుంది? క్రిములు, పురుగుమందులు దానికి అసలే కనిపించవు.

ఇందులో ఎంత నష్టం జరగగలదో బంగ్లాదేశ్ చూసింది. చెరువు నీళ్లతో విరేచనాలు వస్తున్నాయని 1970ల నుంచి లక్షల కొద్దీ గొట్టపు బావులు వేశారు. ఉద్దేశం మంచిదే, నీళ్లు తేటగా ఉన్నాయి, రుచిలో తేడా లేదు. నేల పొరల్లో సహజంగా ఉన్న ఆర్సెనిక్ ఆ నీళ్లలో ఉందని 1990లకి గానీ బయటపడలేదు, అప్పటికి కోట్ల మంది తాగేశారు. కాబట్టి ఒకసారి లాబ్‌లో పరీక్ష చేయించి, దాన్నిబట్టి ఫిల్టర్ ఎంచుకోండి. ఆర్వో అందరికీ అవసరం లేదు. అది వదిలేసే నీళ్లలో, పట్టుకున్నవన్నీ ఇంకా చిక్కగా ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: నేను ఇప్పుడు అయిదో నెల గర్భిణిని. చేపల్లో పాదరసం ఉంటుందని విన్నాను. నీళ్లలో పాదరసం ఎవరు పోస్తున్నారు?

జవాబు: ఒకప్పుడు నేరుగానే పోశారమ్మా. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాల్ని సముద్రంలోకి వదిలింది. మొదట పిల్లులు ఒళ్లు స్వాధీనం తప్పి గిరగిరా తిరిగి చచ్చిపోయాయి, తర్వాత మనుషులకి వణుకు, చూపు మందగించడం మొదలయ్యాయి. 1956లో జబ్బుని అధికారికంగా గుర్తించారు. నన్ను ఎప్పుడూ కలచివేసేది, పెద్దగా లక్షణాలే లేని తల్లులకి తీవ్రమైన వైకల్యంతో బిడ్డలు పుట్టడం. కడుపులో బిడ్డకి తల్లి నుంచి ఆహారం అందించే మాయ విషాన్ని అడ్డుకుంటుందని అప్పటి వైద్యులు నమ్మారు, పాదరసం మాయని దాటి బిడ్డలోకి వెళ్లింది.

ఇప్పుడు ఎక్కువగా వచ్చేది గాలి నుంచి. చిన్నస్థాయి బంగారు గనుల్లో, బొగ్గు మంటల్లో లేచిన పాదరసం వేల కిలోమీటర్లు తిరిగి వానతో నీళ్లలో పడుతుంది. బురదలోని బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా, అంటే ఒంట్లో తేలిగ్గా చేరే విషంగా మారుస్తుంది. నాచు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోతూ మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. చేపలు మానేయొద్దు, బిడ్డ మెదడుకి అవి మంచి ఆహారం. సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేటచేపలు వదిలేసి చిన్న చేపలు తినండి. ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: ఇవన్నీ చదివితే నీరసం వస్తోంది. ఎక్కడైనా ఏదైనా బాగుపడిందా అసలు?

జవాబు: బాగుపడింది, నేను ఊరడించడానికి చెప్పడం లేదు. పెట్రోల్‌లో సీసం కలపడం 1920లలో మొదలైంది. భూమి వయసు లెక్కగట్టిన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్, తన నమూనాల్లోకి సీసం ఎక్కడి నుంచి దూరుతోందో వెతుకుతూ పోయి, అది ఎటు చూసినా ఉందని గుర్తించి, పరిశ్రమ ఎంత ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదు. దేశం తర్వాత దేశం మానేసింది, చివరిది అల్జీరియా, 2021లో. పెట్రోల్‌లో ఆపగానే పిల్లల రక్తంలో సీసం పడిపోయింది. దక్షిణ కాలిఫోర్నియాలో గాలి బాగుపడ్డ కొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయని ఏళ్ల తరబడి కొలిచి చూపించారు. లండన్‌లో థేమ్స్ నదిలో ఇక జీవం లేదని 1957లో తేల్చేశారు, మురుగు శుద్ధి మెరుగుపరిచాక అందులోకి వంద రకాలకి పైగా చేపలు తిరిగొచ్చాయి. మూడు చోట్లా మురికిని అది పుట్టే దగ్గరే తగ్గించారు.

ప్రశ్న: మా కాలనీ పక్కన ఒక యూనిట్ పొగతో ఊపిరాడటం లేదు. పొగగొట్టం ఎత్తు పెంచుతామని వాళ్లు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: దాంతో సరిపెట్టుకోకండి. ఎత్తు పెంచితే మీ ముక్కు దగ్గర తగ్గుతుంది, అవతల ఎవరి ముక్కు దగ్గరో, ఎవరి చెరువులోనో పడుతుంది. యూరప్‌లో ఎత్తైన పొగగొట్టాల నుంచి వెళ్లిన సల్ఫర్ డయాక్సైడు నార్వే, స్వీడన్‌లలో ఆమ్ల వర్షమై కురిసి సరస్సుల్లో చేపలు చచ్చిపోయాయి. చివరికి 1979లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది.

వాళ్లని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏం కాలుస్తున్నారు, అంతకంటే శుభ్రమైన ఇంధనానికి మారగలరా? బూడిద పట్టే ఫిల్టర్ ఉందా, ఉంటే రాత్రిపూట కూడా నడుస్తోందా? పొగగొట్టం దగ్గర రీడింగులు ఎవరు తీస్తున్నారు, అవి మీకు చూపిస్తారా? పొగని నీళ్లతో కడిగే స్క్రబ్బర్ పెడతామంటే సంతోషమే, కానీ అక్కడితో ఆగకండి. సముద్రంలో కొన్ని ఓడలు అలాగే పొగని కడిగి ఆ నీళ్లని మళ్లీ సముద్రంలోకే వదులుతున్నాయి. కడిగిన నీళ్లు ఎటు పోతాయో కాగితం మీద రాసిమ్మని అడగండి.